వాహన వైద్యం: గేరు దిగేటప్పుడు కుదుపు

ఆటోమాటిక్ గేర్ బాక్స్ వున్న పాత కారు సిగ్నలు దగ్గర ఆగబోతున్నప్పుడు, వెనకనుంచి ఎవరో గుద్దినట్టు ఒక కుదుపు కుదుపుతుంది. లేదా ముందున్న లారీని దాటిపోదామని యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే, ఇంజను ఒక్కసారిగా అరచి, క్షణం ఆలస్యంగా దబ్బుమని గేరు పడుతుంది. ఇట్టి కారును షెడ్డుకు తీసుకువెళితే తరచు వినిపించే మొదటి మాట "గేర్ బాక్స్ దింపాలి" అన్నదే. దింపి, విప్పి, క్లచ్ ప్లేట్లూ సీళ్లూ మార్చి తిరిగి ఎక్కించడానికి అయ్యే వ్యయం ఒక్కొక్కప్పుడు ఆ పాత కారు విలువనే మించిపోతుంది. ఆ మాట నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు. కాని బెత్తెడు పొడుగు రబ్బరు గొట్టం చీలినా సరిగ్గా ఇదే కుదుపు వస్తుందని యజమానికి తెలిసివుండడం మంచిది.

ఆటోమాటిక్ గేర్ బాక్సులో పళ్ల చక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే వుంటాయి. వాటిలో దేనిని పట్టి ఆపాలో, దేనిని తిరగనివ్వాలో నిర్ణయించేవి క్లచ్ ప్లేట్ల కట్టలూ, కొన్నిటిలో డ్రమ్ము చుట్టూ బిగిసే ఉక్కు పట్టీలూ. వాటిని బిగించే శక్తి ఆయిల్ పీడనం. జనరల్ మోటార్స్ సంస్థ 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ప్రవేశపెట్టిన హైడ్రామాటిక్ నాటినుంచీ ఈ సూత్రం మారలేదు. గేరు దిగేటప్పుడు ఒక క్లచ్ వదలాలి, మరొకటి పట్టాలి. పీడనం మితిమీరితే పట్టే క్లచ్ దబ్బున పట్టుకుంటుంది. పీడనం చాలకపోతే, మొదటిది వదిలిన తర్వాత రెండవది పట్టేలోగా ఇంజను పగ్గం తెగినట్టు పరుగెత్తి, చివరకు పట్టు దొరికినప్పుడు కుదుపుతుంది. కుదుపు ఒకటే, కారణాలు రెండూ పరస్పర విరుద్ధాలు. కనుక రేడియో కట్టేసి, అద్దాలు ఎత్తి, కుదుపుకు ముందు ఇంజను శబ్దం పెరుగుతున్నదా లేదా అని చెవి పెట్టి వినండి. పెరగకుండానే కుదిపితే ఎంతో కొంత ధైర్యంగా వుండవచ్చు. పెరుగుతుంటే త్వరపడాలి, ఎందుకంటే జారుతున్న ప్లేట్లు ప్రతి మలుపులోనూ కాలిపోతుంటాయి.

ఆ తర్వాత ఆయిల్ చూడాలి. ఇంజను ఆయిల్ చూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. అధిక భాగం కార్లలో పది పదిహేను కిలోమీటర్లు నడిపి, సమతలం మీద నిలిపి, ఇంజను నడుస్తుండగానే కడ్డీ తీసి చూడాలి. హోండా కార్లలో మాత్రం ఇంజను ఆపిన వెంటనే చూడాలి. ఆయిల్ తగ్గితే పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైతే తిరిగే చక్రాలు దానిని మజ్జిగలా చిలికి నురుగు చేస్తాయి. గాలి కలిసిన ఆయిల్ పీడనాన్ని నిలుపుకోలేదు గనుక రెండు తప్పులకూ లక్షణాలు ఇంచుమించు ఒక్కటే. ఎర్రగానో, కొద్దిపాటి గోధుమ రంగులోనో వుంటే సరే. నల్లగా మారి మాడు వాసన వేస్తే ప్లేట్లు కాలినట్టే.

ఏ ఆయిల్ పోశారన్నది కూడా ముఖ్యమే. క్లచ్ మెత్తగా పట్టడానికి ఆయిల్‌లో ఒక ప్రత్యేక పదార్థం కలుపుతారు. 1970ల ఆరంభం వరకూ ఆ పని స్పెర్మ్ తిమింగలం తైలం చేసేదంటే నేటి పాఠకులు నమ్మకపోవచ్చు! అమెరికాలో దానిపై నిషేధం వచ్చాక కృత్రిమ పదార్థాలు ఆ స్థానం ఆక్రమించాయి. ఫోర్డు వారి పాత "టైప్ ఎఫ్" ఆయిల్‌లో అట్టి పదార్థం వుండదు; దానిని మరొక కారులో పోస్తే ప్రతి గేరూ కొట్టినట్టు పడుతుంది. కారు పుస్తకంలో పేర్కొన్న రకాన్నే వాడాలి, డబ్బా మీద "అన్ని కార్లకూ" అని ఎంత పెద్ద అక్షరాలతో వున్నా సరే.

ఇక రబ్బరు గొట్టం సంగతి. గేర్ బాక్స్ తనంతట తాను ఇంజను ఎంత బరువు లాగుతున్నదో తెలుసుకోలేదు, ఎవరో చెప్పాలి. 1969లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350లోనూ, 1980లలోని అనేక మెర్సిడెస్ కార్లలోనూ ఆ వార్త మోసుకుపోయేది సన్నని గొట్టం ద్వారా అందే వ్యాక్యూమ్. కాలు తేలికగా వున్నప్పుడు వ్యాక్యూమ్ ఎక్కువ, ఆయిల్ పీడనం తక్కువ. గొట్టం చీలిందా, వ్యాక్యూమ్ అందదు. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కి పట్టాడనుకొని గేర్ బాక్స్ పీడనాన్ని పెంచేస్తుంది. ఫలితం కుదుపు. గేర్ బాక్స్ పక్కనున్న మాడ్యులేటరు డబ్బీ నుంచి గొట్టం ఊడదీసి చూడండి. లోపల ఎర్రని ఆయిల్ తడి వుంటే డబ్బీలోని పొర చిరిగిందన్నమాట. ఆ ఆయిల్‌ను ఇంజను పీల్చుకొని పొగగొట్టంలో తెల్లని పొగ వదలడం కూడా కద్దు. ఈ డబ్బీ మార్చడానికి గేర్ బాక్స్ దింపనక్కరలేదు.

ఆనాటి టయోటాల వంటి కార్లలో ఆ వార్త కేబులు మోస్తుంది. అది అతిగా బిగిస్తే గేర్లు ఆలస్యంగా, మొరటుగా పడతాయి, వదులైతే జారతాయి. ఇంజను పనికోసం కేబులు ఊడదీసి, మళ్లీ కొలత చూడకుండా తగిలించడం షెడ్లలో సర్వసామాన్యం. కుదుపు ఎప్పుడు మొదలైందో జ్ఞాపకం చేసుకోండి. ఇంజను విప్పిన మరుసటి వారమే అయితే అనుమానం ఎవరి మీదికి పోవాలో వేరే చెప్పనక్కరలేదు.

ఆగేముందు మాత్రమే కుదిపే కార్లలో ఐడ్లింగ్ ఎక్కువగా వుందేమో, ఇంజను మౌంటింగుల రబ్బరు చచ్చిందేమో చూడాలి. అవి గేర్ బాక్స్ నేరాలు కావు.

1990లనాటి కార్లలో పీడనాన్ని కంప్యూటరు నిర్ణయిస్తుంది. థ్రాటిల్ సెన్సారు తప్పుడు వార్త పంపినా కుదుపు వస్తుంది. ఏదైనా లోపం పసిగడితే కంప్యూటరు ఆత్మరక్షణ కోసం చాలా కార్లలో పీడనాన్ని గరిష్ఠానికి పెంచి, ఒకే గేరులో నిలిపివేస్తుంది. అప్పుడు ముందుగా చేయవలసింది లోపాల సంకేతాలు చదివించడం. చదువుకోసం అమెరికా వెళ్లి, పదిహేనేళ్ల జపాను కారుతో సంసారం మొదలుపెట్టే మన పిల్లలకు ఇది ఉపయోగపడవచ్చు; అక్కడ 1996 నుంచి అమ్మిన కార్లన్నిటికీ ఒకే తీరు సంకేతాల సాకెట్టు వుంటుంది. మన దేశంలో 2014లో సెలెరియోతో ప్రచారంలోకి వచ్చిన ఏ.ఎం.టి. కార్లకు మాత్రం పైన చెప్పిన ఆయిల్ పీడన వైద్యం వర్తించదు. అవి యంత్రం చేయి వేసి మార్చే మామూలు గేర్ బాక్సులు.

ఇవన్నీ చూశాక కూడా కుదుపు పోకపోతే అప్పుడు ఆయిల్ దింపించండి. అడుగు రేకులోని అయస్కాంతం మీద సన్నని బూడిదరంగు ముద్ద వుండడం సహజం. లోహపు పెళుసులు, నల్లని పొరల ముక్కలు కనబడితే గేర్ బాక్స్ దింపక తప్పదు. కనబడకపోతే, దింపుతానన్న మెకానిక్‌ను ముందుగా పీడనం కొలవమనండి. చాలా గేర్ బాక్సులకు అందుకోసమే పక్కన ఒక బిరడా వుంటుంది. దానిని విప్పి గేజి తగిలిస్తే సరిపోతుంది. వుండవలసిన అంకె కారు వర్కుషాపు పుస్తకంలో వుంటుంది. గేజి లేదనే షెడ్డులో గేర్ బాక్స్ విప్పనివ్వకండి.