వైదాద్‌ది కూడా పోరాటపు పుట్టుకే

సంపాదకులకు,

కాసాబ్లాంకా ఫుట్‌బాల్‌పై మీ వ్యాసం రజాను పేదల జట్టనీ, వైదాద్‌ను డబ్బున్నవాళ్ల జట్టనీ చెరో గాటన కట్టేసింది. అంత తేలిగ్గా తేలే లెక్క కాదది. ఫ్రెంచి పాలనలో రేవు దగ్గరి ఈతకొలనుల్లోకి మొరాకో వాళ్లను రానిచ్చేవారు కాదు. ఆ అవమానంలోంచే 1937లో వైదాద్ పుట్టింది. మొదట ఆడింది వాటర్ పోలో. ఫుట్‌బాల్ తర్వాత వచ్చింది. 1949లో దర్బ్ సుల్తాన్ పేటలో, కార్మిక సంఘాల వాళ్ల చొరవతో రజా వెలసిన మాట నిజమే. కానీ ఆ జట్టుకు ఆటతీరు నేర్పిన పేర్ జేగో అంతకుముందు వైదాద్ కోచే! ఈ సంగతి వ్యాసకర్త ఎలా వదిలేశారో మరి. వైదాద్ రంగు ఎరుపు, రజాది ఆకుపచ్చ. ఆఫ్రికా చాంపియన్ టైటిళ్లు మాత్రం చెరి మూడు. వచ్చే సంచికలో సవరణ వేయగలరు.

— ఒక పాఠకుడు, గుంటూరు