వాణిజ్య విద్యార్థికి అందని తేదీలు

పెద్ద బ్యాంకులలోను, ఆడిట్ సంస్థలలోను, పెట్టుబడి వ్యవహారములు నడపు కార్యాలయములలోను విద్యార్థిదశయందే రెండు మూడు మాసములు పని నేర్చుకొనుట ఈ కాలమున ఉద్యోగజీవితమునకు తొలిమెట్టుగా పరిణమించినది. అట్టి ఇంటర్న్‌షిప్ లభించినవాడు ప్రతిభావంతుడనియు, లభింపనివాడు తన లోపమును తానే వెదకుకొనవలెననియు లోకము భావించుచున్నది. ఈ భావము సగము మాత్రమే సత్యమని నా నిశ్చితాభిప్రాయము. ప్రతిభ కావలెననుట నిజమే; కాని పోటీ ఎప్పుడు ఆరంభమగునో, ఎచ్చట దరఖాస్తు పెట్టవలెనో, ఎవరిని సంప్రదింపవలెనో ముందుగా ఎరిగినవానికే ఆ ప్రతిభను చూపు అవకాశము దక్కుచున్నది. మహానగరములలోని కొన్ని విద్యాసంస్థలకు ఆ ఎరుక పరంపరగా సంక్రమించినది. శ్రీకాకుళమునందో, మహబూబ్‌నగరునందో బి.కాం. చదువు విద్యార్థికి దానిని చెప్పు నాథుడు లేడు. ఆ లోటు తీర్చవలసినది విద్యార్థి కాదు, అతనికి పట్టమిచ్చు కళాశాల.

భారతీయ రిజర్వు బ్యాంకు వేసవిలో విద్యార్థులకు శిక్షణ ఇచ్చు పద్ధతిని పరిశీలింపుడు. ఇటీవలి నిబంధనలను బట్టి దేశము మొత్తము మీద 125 మందికి మించి తీసికొనరు. నెలకు 20,000 రూపాయల భృతి ఇత్తురు. అక్టోబరు 15 మొదలు డిసెంబరు 31 వరకు దరఖాస్తులు స్వీకరించి, సంవత్సరారంభమున ముఖాముఖి జరిపి, ఏప్రిల్, జులైల నడుమ శిక్షణ ఇత్తురు. దీనికి ఎం.కాం., అర్థశాస్త్రము, మేనేజ్‌మెంటు మొదలగు పై చదువుల విద్యార్థులు అర్హులు. అయితే వారు చివరి సంవత్సరమునకు ముందటి సంవత్సరమున ఉండవలెను. అనగా రెండేండ్ల ఎం.కాం.లో చేరిన విద్యార్థి తొలి సంవత్సరముననే, చేరిన కొలది వారములకే, ఈ దరఖాస్తు పెట్టవలసియున్నది. మన విశ్వవిద్యాలయములలో ప్రవేశపరీక్ష, కౌన్సెలింగు, హాస్టలు గది ఇవన్నియు కుదుటపడి అతడు తరగతిలో కూర్చుండునప్పటికి తరచు దసరా దాటిపోవుచున్నది. ఇట్టి యొక అవకాశము కలదని అతని చెవిని పడులోపల గడువు ముగియుచున్నది. అతడు పోటీలో ఓడినవాడు కాడు. పోటీ జరిగినదనియే ఎరుగనివాడు. కొరవడినది ప్రతిభ కాదు: 2003 నుండి 2013 వరకు పదేండ్లపాటు ఆ బ్యాంకు గవర్నరు పీఠమును వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు అను ఇద్దరు తెలుగువారు వరుసగా అధిష్ఠించిరి. ద్రవ్యవ్యవహారములందు ప్రజ్ఞ మన జాతికి కొరవడినదని ఎవ్వరును అనజాలరు.

ఐఐఎంల వంటి సంస్థలలో ఈ వ్యవహారమంతయు వేరు విధముగ నడచును. విద్యార్థి చేరిన కొలది మాసములకే, రాబోవు వేసవి స్థానములకు కంపెనీలు తామే వచ్చి ఎంపిక చేసికొనిపోవును. దరఖాస్తును దిద్దుటకు, ముఖాముఖికి సంసిద్ధుని చేయుటకు పైతరగతివారు పూనుకొందురు. విశాఖపట్టణమున 2015లో వెలసిన ఐఐఎంలో చదువువానికిని, అదే నగరమున ఒక సామాన్య డిగ్రీ కళాశాలలో చదువువానికిని నడుమ గల అంతరమున బుద్ధికి సంబంధించిన భాగమెంత, ఈ ఆసరాకు సంబంధించిన భాగమెంత అని నేను తరచు ఆలోచింతును. విదేశములకు పోయినవారి స్థితియు ఇట్టిదే. ఆగస్టులో అమెరికా చేరి రెండేండ్ల ఎం.ఎస్. ఆరంభించు తెలుగు విద్యార్థికి మధ్యలో దొరకునది ఒకే వేసవి. సాధారణముగా ఒక విద్యాసంవత్సరము పూర్తియైనగాని వీసా నిబంధనలు అతనిని బయట పనిచేయనీయవు. పెద్ద సంస్థలు మాత్రము ఆ వేసవికి చాల ముందుగనే ఎంపికలు ముగించుచున్నవి. దిగిన మాసముననే వెదకుట మొదలిడవలెనని ఇచ్చట విమానమెక్కకమునుపే అతనికి చెప్పవలదా?

ఇక సంసిద్ధత మాట. ఈ విషయమున జిల్లా విద్యార్థి తన్ను తాను మిక్కిలి తక్కువగా అంచనా వేసికొనుచున్నాడు. ఎక్సెల్ పట్టికలు, వేగముగ ఆంగ్లము పలుకుట, ఇవియే సర్వస్వమని అతని భయము. ఇవి అవసరములే, అభ్యాసముచే వచ్చునవి కూడ. కాని పరీక్షకులు తరచు అడుగు ప్రశ్న యొకటి కలదు: లాభము చూపుచున్న సంస్థకు చేతిలో నగదు ఏల కరవగును? భీమవరము ప్రాంతమున రొయ్యల చెరువు గల ఇంట పెరిగినవానికి ఈ ప్రశ్నకు సమాధానము పుస్తకము తెరువకయే తెలియవలెను. మేత దుకాణదారు అప్పుమీద మేత ఇచ్చి, పట్టుబడి అయిన పిమ్మట వసూలు చేసికొనుటను, తెగులు వచ్చి చెరువు పోయిన ఏట ఆ బాకీ నిలిచిపోవుటను అతడు కన్నులార చూచినాడు. అమ్మకము పుస్తకమున లాభముగా నమోదైన నాటికి సొమ్ము పెట్టెలోనికి రాలేదని ఎరిగినాడు. అతడు రొయ్యల మేత తయారుచేయు అవంతి ఫీడ్స్ వంటి సంస్థ వార్షికనివేదికను తెచ్చుకొని, రావలసిన బాకీలు ఎంత, నిల్వ సరకు ఎంత, నగదు ప్రవాహ పట్టిక ఏమి చెప్పుచున్నది అని తన ఊరి అనుభవముతో సరిచూచుకొన్నచో, ముంబయి కుర్రవానికి కష్టసాధ్యమైన అవగాహన అతనికి ఒక మాసములో సిద్ధించును. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి సంస్థయు ఈ నివేదికను బహిరంగముగా ప్రకటింపవలసినదే కనుక దీనికి కానీ ఖర్చు లేదు. గుంటూరు మిర్చి యార్డును ఎరిగినవాడు కమీషన్ ఏజెంటు రైతుకు ఇచ్చు అప్పును గురించి, కోల్డ్ స్టోరేజీలోని బస్తాలపై బ్యాంకు ఇచ్చు రుణమును గురించి రెండు పుటలు వ్రాసి దరఖాస్తుకు జతపరచినచో, శ్రద్ధగల పరీక్షకుడు దానిని తప్పక చదువునని నా విశ్వాసము. మన అధ్యాపకులు ఇట్టి రచనలను విద్యార్థులచే వ్రాయింపకుండుట నాకు తీరని విచారము.

సంస్థ పేరును గూర్చియు ఒక మాట చెప్పవలెను. పేరుకు విలువ లేదని నేను అనను. తొలి ఉద్యోగమున అది తలుపు తెరచును. అయినను పని నేర్చుకొనుట వేరు, పేరు సంపాదించుట వేరు. చార్టర్డ్ అకౌంటెన్సీ విద్యార్థులకు మూడేండ్లుగా ఉండిన ఆర్టికల్‌షిప్, 2023 జులై 1 నుండి అమలైన నూతన విధానమున రెండేండ్లకు తగ్గినది. ఆ కొలదికాలమును మహానగరమునందలి పెద్ద సంస్థలో గడపినవాడు ఒక్కొక్కప్పుడు ఒకే కంపెనీ యొక్క ఒకే ఖాతాను తనిఖీ చేయుచు కాలము వెళ్లబుచ్చును; విజయవాడలో నలుగురు పనిచేయు ఆడిటరు కార్యాలయమున చేరినవాడు ఒక రైసు మిల్లు లెక్కలను ఓచరు మొదలు ఆదాయపు పన్ను రిటర్ను వరకు తన చేతులమీదుగా నడపును. రెండవవానిని తక్కువవానిగా చూచు దృష్టి మారవలెను.

ప్రభుత్వము చేసిన ప్రయత్నములు లేకపోలేదు. ఆంధ్రప్రదేశమున 2020-21 నుండి మూడేండ్ల డిగ్రీలో పది మాసముల ఇంటర్న్‌షిప్ తప్పనిసరియైనది. సంకల్పము ఉత్తమమైనది. కాని అన్ని వేలమందికి పని చూపగల సంస్థలు చిన్న పట్టణములలో ఎచ్చటనున్నవి? తత్ఫలితముగా కొన్నిచోట్ల విద్యార్థియే రుసుము చెల్లించి ధ్రువపత్రము తెచ్చుకొను దుస్థితి ఏర్పడినది. పని చూడకుండ పత్రము కొనుట విద్యార్థికి కళాశాలయే నేర్పిన అసత్యమగును. దీనిని చూచియు చూడనట్లుండు అధికారులను నేను క్షమింపజాలను. డ్వాక్రా సంఘముల పుస్తకములను సరిచూచి మహిళలకు లెక్క అప్పగించు పనిని వాణిజ్య విద్యార్థులకు ఒప్పగించినచో, ఏ కంపెనీ దయాదాక్షిణ్యములు లేకయే నిజమైన శిక్షణ లభించియుండెడిది.

కేంద్రప్రభుత్వము 2024లో ఆరంభించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకము పెద్ద కంపెనీలలో ఏడాదిపాటు శిక్షణ, నెలకు 5,000 రూపాయల భృతి వాగ్దానము చేసినది. కాని ఆరంభ నిబంధనల ప్రకారము పూర్తికాలము చదువుచున్న విద్యార్థికి అందు స్థానము లేదు. మిగిలిన ఇంటర్న్‌షిప్‌లలో పెక్కు భృతి లేనివే. హైదరాబాదులో గాని, ముంబయిలో గాని మూడు మాసములు అద్దె కట్టి, భోజనము చేసి, భృతి లేక పనిచేయుట కౌలురైతు కుమార్తెకు సాధ్యమా? అప్రెంటిసులకు భృతి ఇచ్చి తీరవలెనని 1961 నాటి చట్టము విధించియుండగా, ఇంటర్న్ అను పేర అదే శ్రమ చేయువారికి ఆ రక్షణ ఏల ఉండరాదో నాకు బోధపడదు.

ద్రవ్యలోకము మనకు ఎల్లప్పుడును ఇంత దూరమున లేదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. వృత్తిచే ఆయన వైద్యులు. ఆ రోజులలో మన యువకులు ఒక బ్యాంకు పుట్టుకను తీరాంధ్రమందలి పట్టణమున కన్నులారా చూడగలిగిరి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది. నిర్ణయములు జరుగు గదులు ముంబయికి తరలిపోయినవి. ఆ దూరమును విద్యార్థి ఒంటరిగా దాటలేడు. కావున ప్రతి వాణిజ్య కళాశాలయందును ఒక అధ్యాపకునికి తరగతుల భారము తగ్గించి ఈ పనిని అప్పగింపవలెను. జూన్‌లో తలుపులు తెరచిననాడే సంవత్సరమంతటి దరఖాస్తు తేదీలను తెలుగులో వ్రాసి నోటీసుబోర్డున పెట్టుట, ఆగస్టులో పూర్వవిద్యార్థులకు లేఖలు వ్రాసి ఒక్కొక్కరికి ఇద్దరు విద్యార్థుల చొప్పున అప్పగించుట, ఎంపికైనవారి మూడు మాసముల అద్దెకై పూర్వవిద్యార్థుల సంఘమునుండి నిధి కూర్చుట ఆతని విధులు కావలెను. వచ్చు జూన్‌లో ఒక్క జిల్లాలోని కళాశాలలు దీనిని ఆచరింపబూనినను, ఆ సంవత్సరము అక్టోబరు 15 నాటికి దరఖాస్తులు చేతబట్టుకొనినవారు అచ్చట నుందురు.