విమానం దానంతట అదే పోతాదా?

"ఇప్పటి విమానాలు బటన్ నొక్కితే దానంతట అవే పోతాయంట. పైలట్ కాఫీ తాగుతా కూచోనుంటాడు. దానికి లక్షల్లో జీతం ఎందుకు?" ఈ మాట తరగతిలో విన్నాను, బస్సులో విన్నాను, ఒక పెళ్లిలో మా మామ నోట కూడా విన్నాను. పైలట్ కావాలని ఆశపడే పిల్లలను ఎగతాళి చేయడానికి ఇప్పుడు ఇదే మాట. నేను దీన్ని ఒప్పుకోను. ఇది ఉత్త ఎగతాళి అయితే పోనీలే అనుకోవచ్చు. కానీ విమానాలు తయారుచేసేవాళ్లు, నడిపేవాళ్లు కూడా ఇదే నమ్మితే ప్రాణాలు పోతాయి. పోయాయి కూడా, మనకు దగ్గరలోనే.

1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం బొంబాయి నుంచి బెంగళూరు వచ్చి, హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో దిగాల్సి ఉంది. అప్పటికి హోసూరు కూడా మన ధర్మపురి జిల్లాలోనే ఉండేది, అక్కడికి నలభై కిలోమీటర్లు. విమానం కొత్త ఎయిర్‌బస్ ఏ320. రన్‌వే ఇంకా రాకముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకి, గట్టుకు కొట్టుకుని కాలిపోయింది. 146 మందిలో 92 మంది చనిపోయారు.

ఇంజన్లు చెడిపోలేదు. గాలివాన లేదు. మరి ఏమైంది? ఆ విమానంలో ఆటోపైలట్‌కు జతగా ఆటోథ్రస్ట్ అనే ఏర్పాటు ఉంది. ఇంజన్లకు ఎంత బలం ఇవ్వాలో అదే చూసుకుంటుంది. దిగేటప్పుడు అది 'స్పీడ్' పద్ధతిలో ఉంటే, వేగం తగ్గగానే తానే బలం పెంచుతుంది. ఆ రోజు అది 'ఐడిల్ ఓపెన్ డిసెంట్' పద్ధతిలో ఉండిపోయింది. అందులో వేగం ఎంత తగ్గినా ఇంజన్లు ఐడిల్‌లోనే ఉంటాయి. మన తొప్పూరు కనుమలో డీజిల్ మిగులుతుందని లారీని న్యూట్రల్‌లో దింపేవాళ్లు గుర్తుకొస్తారు. తేడా ఏమిటంటే, లారీకి వేగం పెరిగితే ముప్పు, విమానానికి వేగం తగ్గితే ముప్పు. గంటకు 245 కిలోమీటర్లు ఉండాల్సిన వేగం 196 దాకా పడిపోయింది. పైలట్లు పద్ధతి తప్పిందని గమనించారు. దాన్ని మార్చాలంటే ఇద్దరి ఎదుట ఉన్న ఫ్లైట్ డైరెక్టర్లూ ఆపాలి. ఒకటి ఆపారు, రెండోది అలాగే ఉండిపోయింది. చివరికి చేత్తో బలం పెంచినా, ఐడిల్ నుంచి ఇంజన్లు పుంజుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ సెకన్లు వాళ్లకు మిగల్లేదు.

విచారణ సంఘం తప్పు పైలట్లదే అంది. నాలుగు వందల అడుగులు, మూడు వందలు, రెండు వందలు అని యంత్రం చెబుతున్నా వాళ్లు వెంటనే కదలలేదంది. నిజమే. కానీ ఆ పద్ధతి ఎందుకు పడిందో తేల్చడం సాధ్యం కాదని కూడా అదే సంఘం చెప్పింది. నా కోపం ఇక్కడే. యంత్రం ఎందుకు అలా మారిందో పెద్ద పెద్ద ఇంజనీర్లు నెలల తరబడి కూచున్నా తేల్చలేకపోయారు. నడిపినవాళ్లు మాత్రం అర నిమిషంలో తేల్చుకుని ఉండాల్సిందట! వాళ్లిద్దరికీ విమానాలు నడిపిన అనుభవం ఒక్కొక్కరికి తొమ్మిది వేల గంటలకు పైనే. అందులో ఒకరికి ఈ కొత్త రకం మీద వంద గంటలు కూడా కాలేదు.

యంత్రాలు వద్దని నేను అనడం లేదు. ఆటోపైలట్ వల్ల ప్రయాణం మొత్తం మీద భద్రంగానే అయింది. 29,000 అడుగుల పైన విమానాలు వెయ్యి అడుగుల తేడాతోనే ఒకదాని మీద ఒకటి పోతాయి, అక్కడ ఎత్తును యంత్రమే పట్టుకోవాలని నియమం. అంటే పైలట్ చేత్తో నడిపే సమయం బాగా తక్కువ. మనం గైడ్ చూసి లెక్కలు ఎక్కించుకుని, పరీక్ష హాల్లో సొంతంగా చేయమంటే ఎట్లుంటుందో అట్లే. 2009లో రియో నుంచి పారిస్ పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుని, ఆటోపైలట్ తానే తప్పుకుంది. చేతికి వచ్చిన విమానాన్ని పైలట్ ముక్కు పైకెత్తి పట్టాడు. నాలుగున్నర నిమిషాలలోపే 228 మందితో సముద్రంలో పడింది. 2013లో అమెరికా విమానయాన శాఖ, వీలైనప్పుడల్లా పైలట్ల చేత చేత్తో నడిపించండని కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది.

చేతిలో పని ఉన్నవాడు ఏం చేస్తాడో కూడా చూడండి. 2008 అక్టోబరులో సింగపూర్ నుంచి పెర్త్ పోతున్న క్వాంటాస్ 72లో కంప్యూటర్ తప్పు లెక్క నమ్మి, విమానం ముక్కును రెండుసార్లు కిందికి విసిరింది. వందమందికి పైగా గాయపడ్డారు. కెప్టెన్ కెవిన్ సల్లివన్ దాన్ని చేత్తో నడిపి లియర్‌మంత్‌లో దించాడు. 315 మందీ బతికారు. కాఫీ తాగుతా కూచున్నవాడు చేసే పని కాదు ఇది.

చేతికి పని నేర్పితే చాలదు, యంత్రం గురించి పూర్తిగా చెప్పాలి కూడా. 2018లో లయన్ ఎయిర్ బోయింగ్ విమానంలో ముక్కును తానే కిందికి నొక్కే ఎంక్యాస్ అనే ఏర్పాటు ఉంది. పైలట్ల పుస్తకంలో దాని గురించి వివరణే లేదు! అక్టోబరు 28 రాత్రి అదే విమానం అలాగే మొరాయిస్తే, కాక్‌పిట్‌లో అదనంగా ఉన్న మూడో పైలట్ సాయం పట్టాడు. స్విచ్ ఆపి చేత్తో నడిపి జకార్తా చేరారు. మరునాడు పొద్దున మూడో మనిషి లేడు. 189 మంది పోయారు. కెప్టెన్ భవ్యే సునేజా మన ఢిల్లీ కుర్రాడు.

ఇంత జరిగాక కూడా, ఎత్తులో పోయేటప్పుడు కాక్‌పిట్‌లో ఒక్క పైలట్ చాలదా అని యూరప్‌లో చర్చ నడిచింది. యంత్రం ఉంది కదా అంటారు. ఆ ఒక్కడి పక్కన, 'ముక్కు కిందికి పోతోంది, స్విచ్ ఆపు' అనే మనిషి ఎవరో వాళ్లే చెప్పాలి.