ఇల్లాలి విశ్రాంతి

శీతకాలము వచ్చినదన్న లంబసింగి మంచును చూడ పట్టణవాసులు తెల్లవారకమునుపే బారులు తీరుచున్నారు. చింతపల్లి మండలములో సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్న ఈ గ్రామమునకు కొర్రబయలు అని మరియొక పేరు గలదు. ఆరుబయట నిలిచినవాడు చలికి కొయ్యబారునని దాని భావమందురు. శాలువ కప్పుకొనిన అతిథి ఆ మంచును చూచి ఆనందించును. అదే మంచులో నీరు తెచ్చి, పొయ్యి రాజేసి, బిడ్డను వెంటబెట్టుకొని కాఫీపండ్లు కోయబోవు ఇల్లాలిని చూచువా రరుదు.

స్త్రీ ఇతరులను చూచుకొనుచు తన్ను తానును చూచుకొనవలెనని నేడు పలువు రుపదేశించుచున్నారు. మాట మంచిదే. కాని ఆ ఉపదేశము చేరవలసిన చెవి ఆమెది కాదని మా యభిప్రాయము. అందరికిని వడ్డించి అడుగంటిన కుండతో మిగులుదానిని కడుపునిండ తినుమనుట ఎట్టి హితవు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశపు 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మంది రక్తహీనులని తేలినది. ఇందరును తమ అశ్రద్ధచేతనే క్షీణించిరని చెప్పుటకు మనకు నోరాడునా?

మన్యమునందలి ఒక్క నిదర్శనము చాలును. రోడ్డు లేని గూడెములనుండి నిండుచూలాలిని డోలీపై మోసికొనివచ్చు దుస్థితి నేటికిని తొలగలేదు. దీనికి ప్రతిక్రియగా, ప్రసవదినమునకు ముందే వచ్చి ఆసుపత్రి చెంత నుండుటకు గర్భిణీ వసతి గృహము లేర్పడినవి. మెచ్చదగిన పని. అయినను ఆమె బయలుదేరినచో పెద్దబిడ్డకు గంజి పోయువారెవరు? మేకలను తోలువారెవరు? ముసలి అత్తకు నీరందించువారెవరు? ఈ ప్రశ్నలకు ఇంట ప్రత్యుత్తరము లేనినాడు ప్రభుత్వము మంచము వేసియుంచినను ఆమె రాజాలదు. విశ్రాంతికి గది యొక్కటే చాలదు. ఆమె బరువును దించుకొను మరియొక భుజము కావలెను.

ఆ భుజ మెవరిది? 2019లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేను చూడుడు. ఇంటిపనులు చేయు స్త్రీలు అందుకై దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించుచుండగా, ఆ పనులలో చేయిపెట్టు పురుషులు వెచ్చించునది 97 నిమిషములు. అసలు చేయిపెట్టని పురుషులు ఈ లెక్కలోనికే రారు!

కూలి సరిగా నీయక ఈ కొండదారులలో రోడ్డుపని చేయించిన అధికారుల దౌర్జన్యము 1922 నాటి మన్యపు తిరుగుబాటునకు ఒక ముఖ్యకారణమని మన మెరుగుదుము. ఆ యేట ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుస్టేషనుపై దాడి వెడలెను. ఆ వెట్టిని తలచుకొని నేటికిని మన రక్తముడుకును. మన వంటయిండ్లలో సాగు వెట్టికి మాత్రము ధర్మమని పేరు పెట్టితిమి.

కావున గర్భిణిని పంపుటకు ముందే ఆమె పనులను ఇంటి మగవారు పంచుకొనవలెను. తల్లితో కూడ చిన్నబిడ్డలకును వసతిగృహములో చోటీయవలెను. ఆమె పోగొట్టుకొను కూలిని ప్రభుత్వము భరింపవలెను. మైదానమునందలి గృహస్థులమైన మనము ఈ సంస్కారమును మన యిండ్లనుండియే ప్రారంభింపవచ్చును. నేటి రాత్రి ఇల్లాలు మనకంటె ముందు భోజనమునకు కూర్చుండునా? దీనికి మనమే ప్రత్యుత్తర మీయవలెను.