దిష్టి కాదు, అమ్మోనియా

గృహప్రవేశం రోజునే హాల్లో అక్వేరియం పెట్టడం మన పట్టణాల్లో మామూలైపోయింది. ఈశాన్యంలో పెట్టాలా, ఉత్తరపు గోడకు పెట్టాలా అని ముందుగా సిద్ధాంతిని అడుగుతారు. ఫెంగ్ షూయి మీద నమ్మకం ఉన్నవాళ్ళు తొమ్మిది చేపలు ఉండాలంటారు. ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. బంగారు చేపలు కలిమి తెస్తాయట, నల్లది ఇంటికి రాబోయే కీడును తన మీద వేసుకుంటుందట. పొద్దున తొట్టె కొంటారు, మధ్యాహ్నం కుళాయి నీళ్ళు నింపుతారు, సాయంత్రం ప్లాస్టిక్ కవర్లో తెచ్చిన చేపల్ని అందులో వదిలేస్తారు. వారం తిరిగేసరికి ఒక చేప, ఆ వెనకే మరొకటి వెల్లకిలా తేలతాయి. "బాధపడకమ్మా, మన మీదికి రావలసింది దాని మీద పోయింది" అని అత్తగారు కోడలికి ధైర్యం చెబుతుంది. చచ్చినదాన్ని తీసేసి, ఇంకో చేపను తెచ్చి తొమ్మిది లెక్క సరిచేస్తారు.

ఆ చేప చావుకు కారణం ఆ నీళ్ళలోనే ఉంది. చేప తన ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల నుంచి అమ్మోనియా రూపంలో వదులుతుంది. తినకుండా మిగిలిన మేత, రెట్ట కుళ్ళినా వచ్చేది అమ్మోనియానే. చెరువులో, ఏట్లో ఇది నిలవ ఉండదు. మట్టినీ రాళ్ళనీ నాచునీ అంటిపెట్టుకుని బతికే బాక్టీరియాలో ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు. అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుంది. నైట్రైట్ రక్తంలోకి చేరి, ఆక్సిజన్ మోసే శక్తిని పోగొట్టి, రక్తాన్ని గోధుమ రంగుకు తిప్పుతుంది. నైట్రేట్ మాత్రం బాగా పేరుకుంటే తప్ప అంత హాని చేయదు. వారానికోసారి కొంత నీరు మారిస్తే అది అదుపులో ఉంటుంది.

అంగడి నుంచి అప్పుడే తెచ్చిన గాజు తొట్టెలో, కడిగిన గులకరాళ్ళలో, ఫిల్టర్‌లోని కొత్త స్పాంజిలో ఆ బాక్టీరియా ఉండవలసినంత ఉండదు. కుళాయి నీటిలోని క్లోరిన్ ఉన్న కాస్తనూ చంపుతుంది, చేప మొప్పల్నీ దెబ్బతీస్తుంది. అమ్మోనియా రోజురోజుకూ పెరుగుతుంటే దాన్ని తినేవి లేవు. క్షారగుణం ఉన్న బోరు నీళ్ళయితే ముప్పు మరీ ఎక్కువ. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపు పాలు దాదాపు పదింతలవుతుంది. చేప పైకొచ్చి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటుంది, మొప్పలు ఎర్రబడతాయి, మేత ముట్టదు. చూసేవాళ్ళకు అది ఆటలా కనిపిస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఈ సంగతి మనిషికి తెలిసి చాలా కాలమైంది. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, ముంజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన పొడవాటి గొట్టం గుండా మురుగునీటిని మెల్లగా పారించారు. దాదాపు 20 రోజులు ఏ మార్పూ లేదు. ఆ తర్వాత అవతలి చివర నైట్రేట్ కనిపించడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పట్టించగానే ఆగిపోయింది. తోట మట్టి కలిపిన నీళ్ళు కాస్త పోస్తే మళ్ళీ మొదలైంది. అంటే ఆ పని చేస్తున్నది ప్రాణం ఉన్నదేదో అని తేలింది. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త ఆ సూక్ష్మజీవుల్ని విడదీసి చూపాడు. 2015లో, అమ్మోనియాను నైట్రేట్ దాకా ఒంటరిగానే మార్చగల నైట్రోస్పైరా అనే బాక్టీరియా రకాలున్నాయని కూడా బయటపడింది.

ఆ 20 రోజుల ఎడం దగ్గర కాస్త ఆగాలి. దిష్టి నమ్మకానికి ఊపిరి పోస్తున్నది అదే. మొదట వదిలిన చేపలు చస్తాయి. కానీ చచ్చేలోపు అవి వదిలిన అమ్మోనియాను తిని బాక్టీరియా మెల్లగా పెరుగుతుంది. రెండోసారి తెచ్చిన చేపల్లో కొన్ని నిలబడతాయి, మూడోసారి తెచ్చినవి దాదాపు అన్నీ బతుకుతాయి. ఇంటివాళ్ళు దీన్ని వేరే విధంగా చదువుకుంటారు: మొదటి చేపలు దిష్టి తీసుకుపోయాయి, కొత్త ఇంటి మీది కళ్ళు తొలగిపోయాయి, ఇప్పుడు అంతా శుభం. వాళ్ళు చూసింది అబద్ధం కాదు, చేపలు నిజంగానే మొదట చచ్చాయి, తర్వాత బతికాయి. నమ్మకం బలపడింది మాత్రం కారణం తెలియకపోవడం వల్ల. ఇంకొందరు చావు అశుభమని తొట్టె మొత్తం ఖాళీ చేసి, రాళ్ళూ స్పాంజీ కుళాయి కింద తోమి కడుగుతారు. అప్పుడే నిలదొక్కుకుంటున్న బాక్టీరియా కూడా మురుగుకాలువ పాలవుతుంది. మళ్ళీ మొదటికొస్తుంది, మళ్ళీ చేపలు చస్తాయి, "ఈ ఇంటికి ఏదో పట్టింది" అన్న మాట పుడుతుంది.

ఈ నమ్మకం ఏ పరీక్షకూ దొరకదు. చేప బతికితే ఇంటికి కలిసొచ్చింది, చస్తే ఇంటి కీడు పోయింది. ఏం జరిగినా నెగ్గే మాటతో దేన్నీ తెలుసుకోలేం. అమ్మోనియా వాదం అలా కాదు, ఓడిపోవడానికి సిద్ధపడి నిలబడుతుంది. ఒకే రకం తొట్టెలు రెండు తీసుకోండి. ఒకదాన్ని బాక్టీరియా పెరిగేలా వారాల తరబడి సిద్ధం చేయండి, రెండోదాన్ని అలాగే వదిలేయండి. చేపలు అక్కర్లేదు, రెండిట్లోనూ సమానంగా అమ్మోనియా వేసి పరీక్ష కిట్‌తో కొలవండి. సిద్ధమైన తొట్టెలో అది ఒక రోజులో సున్నాకు వస్తుంది. రెండోదాంట్లో అలాగే ఉంటుంది. తొట్టె ఏ మూల ఉన్నా ఫలితం మారదు.

ఈశాన్యం మాట కూడా చూద్దాం. ప్రజలు చూడటానికి లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల గాజుతొట్టెల శాల తెరిచింది 1853లో. ప్రాచీన వాస్తు గ్రంథాలు రాసినవాళ్ళు పంపూ ఫిల్టరూ ఉన్న గాజు అక్వేరియాన్ని చూసే అవకాశమే లేదు. బావికి చెప్పినదాన్ని ఈ కాలపువాళ్ళు తొట్టెకు అంటగట్టారు.

తొమ్మిది చేపల లెక్క ఇంకా క్రూరమైనది. గోల్డ్ ఫిష్ రెట్ట ఎక్కువ వేసే చేప. మొదటి చేపకు కనీసం 75 లీటర్లు, ఆపైన ఒక్కోదానికి మరో 40 లీటర్ల దాకా ఉండాలని అనుభవం ఉన్న పెంపకందారులు చెబుతారు. ఆ లెక్కన తొమ్మిదింటికి 400 లీటర్లకు దగ్గరగా కావాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో పట్టేది 56 లీటర్లే. సరిగ్గా చూసుకుంటే గోల్డ్ ఫిష్ పదేళ్ళకు పైగా బతుకుతుంది. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో బహుమతిగా ఇచ్చిన గోల్డ్ ఫిష్ 1999 దాకా బతికి గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. మనం వారంలో చంపేసి, అది త్యాగం చేసిందంటున్నాం. గుమ్మానికి కట్టిన గుమ్మడికాయకు నొప్పి తెలియదు. చేపకు తెలుస్తుంది.

మన తెలుగువాళ్ళకు ఇదేమీ కొత్త విద్య కాదు. భీమవరం, కైకలూరు, ఆకివీడు వైపు రొయ్యల రైతును అడగండి. నీళ్ళు సీసాలో పట్టి ల్యాబ్‌కు తీసుకెళ్తాడు, అమ్మోనియా ఎంత, పీహెచ్ ఎంత అని రాయించుకుంటాడు, ఏరియేటర్లు తిప్పుతాడు, జియోలైట్ చల్లుతాడు. చెరువు గట్టున కొబ్బరికాయ కొట్టినా నీటి పరీక్ష మానడు. రొయ్యలు తేలితే నా కీడు తీసుకుపోయాయని సంబరపడడు, ఎందుకంటే పోయేది తన పెట్టుబడి. హాల్లోని చేప ఖరీదు తక్కువ కాబట్టి దాని చావుకు కారణం వెతికే ఓపిక మనకు లేకుండా పోయింది.

చేయవలసింది కష్టమైనది కాదు. తొట్టె నింపి, క్లోరిన్ విరిచే మందు కలిపి, ఫిల్టర్ రాత్రీపగలూ నడపాలి. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయాలి, లేదా కొలత ప్రకారం అమ్మోనియం క్లోరైడ్ వేయాలి. బాగా నడుస్తున్న తొట్టె నుంచి పాత స్పాంజి ముక్క దొరికితే పని త్వరగా అవుతుంది. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది, చివరికి రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ కనిపిస్తుంది. ఇందుకు మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పుడు ఒకటి రెండు చేపలతో మొదలుపెట్టాలి. ఇప్పటికే చేపల్ని వదిలేసి ఉంటే మేత తగ్గించి, క్లోరిన్ విరిచిన నీటితో రోజూ పావు వంతు నుంచి సగం దాకా మార్చండి. స్పాంజిని కుళాయి కింద కాకుండా తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

మీ బంధువుల గృహప్రవేశానికి అక్వేరియమే కానుకగా ఇవ్వాలనుకుంటే తొట్టె, ఫిల్టర్, పరీక్ష కిట్ ఆ రోజు ఇవ్వండి. చేపల్ని నెలన్నర తర్వాత, నీళ్ళు పరీక్షించి చూశాక తీసుకెళ్ళండి.