మీ చేతులతో మీరే: మొదటి చాకు



నేను మీ అంతవాడిగా ఉన్నప్పుడు ఒక చాకు చేశాను. దాని ఆయుష్షు ఒక్క పూట. పొద్దున్నంతా దాన్ని చూసి మురిసిపోయి, మధ్యాహ్నం అమ్మకు చూపించబోతే చెయ్యి జారి గచ్చుమీద పడింది. ఇనుము పడిన చప్పుడు కాదది, గాజుగిన్నె పడినట్లున్నది. చూస్తే రెండు ముక్కలు! ఏడుపు మొహంతో ఆ ముక్కలు పట్టుకుని మా ఊరి కమ్మరి తాత దగ్గరికి పోయాను. ఆయన విరిగిన చోటు చూసి నవ్వి, "కాల్చావు, ముంచావు. తరవాత చెయ్యవలసినది మరిచిపోయావు గదరా అబ్బాయీ!" అన్నాడు.

ఆ మరిచిపోయిన పని ఏమిటో, అది ఎందుకు చెయ్యాలో ఈ నెల తెలుసుకుందాం. చాకు కూడా చేద్దాం.

ముందు ఒక షరతు. ఇందులో నిప్పుతో పని ఉన్నది. ఆ పని నాన్నగారో, మామయ్యో, కమ్మరో చెయ్యాలి. మీరు దూరంగా నిలబడి చూడాలి. చల్లని ఇనుముతో చేసే పనంతా మీది. అప్పుడు కూడా ఇంట్లో పెద్దవారు ఒకరు దగ్గర ఉండాలి.

ఏ ఇనుము కావాలి?

మేకును ఎంత కాల్చి ముంచినా చాకు కాదు. ఇనుములో నూటికి ఒక పాలు మాత్రం కర్బనం కలిసి ఉంటే అది మనకు కావలసిన ఉక్కు అవుతుంది. అటువంటిది మీ ఇంట్లోనో, వడ్రంగి పెట్టెలోనో దొరుకుతుంది: అరిగిపోయిన పాత ఆకురాయి.

అది మంచి ఉక్కేనా అని తెలుసుకోవటానికి ఒక తమాషా పరీక్ష ఉన్నది. సానపట్టేవాడు వచ్చినప్పుడు ముందు ఒక మేకును, తరవాత ఆకురాయి కొసను చక్రానికి తాకించమనండి. మేకునుంచి నిప్పురవ్వలు పొడుగాటి గీతల్లాగా పోతాయి. ఉక్కు రవ్వలు చివర చిటపట విరిసి, కొమ్మలూ రెమ్మలూ వేస్తాయి. అలా విరిసేటట్లు చేసేది కర్బనమే.

మెత్తపరచటం

ఆకురాయి చాలా గట్టిది. ఇనుమును అరగదీసేదే అది. దాన్ని మరొక ఆకురాయి అరగదీయలేదు. అందుకని పెద్దవారు దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, వేడి బూడిదలో పూడ్చి, రాత్రంతా వదిలెయ్యాలి. మర్నాటికి మెల్లగా చల్లారి, మన మాట వింటుంది.

అరగదీయటం

దళసరి కాగితంమీద చాకు బొమ్మ గీసి కత్తిరించండి. అలుగు 3 అంగుళాలు, పిడి 4 అంగుళాలు, వెడల్పు ముప్పాతిక అంగుళం చాలు. బొమ్మను ఉక్కుమీద పెట్టి చుట్టూ గీత గీయండి. ఉక్కును బల్లకు గట్టిగా బిగించి, హాక్సా రంపంతో కోసి, కొత్త ఆకురాయితో గీతదాకా అరగదీయండి.

ఆకురాయి ముందుకు నెట్టినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు పైకి ఎత్తాలి. లేకపోతే పళ్ళు మొద్దుబారుతాయి. పళ్ళలో ఇనుపపొడి ఇరుక్కోకుండా ముందుగా దానిమీద సుద్దముక్క రుద్దండి.

ఇప్పుడు అలుగు రెండువైపులా సమానంగా, వెన్నునుంచి అంచుకు వాలుగా అరగదీయాలి. ఇది ఒక పూటలో అయ్యే పని కాదు. తొందరపడితే ఒకవైపు లోతు, ఒకవైపు మిట్ట అవుతుంది. అంచును ఇప్పుడే పదును చెయ్యకండి. ఒక మిల్లీమీటరు మందం ఉంచండి. మరీ పలచనైతే కాల్చి ముంచేటప్పుడు వంకరపోతుంది. పిడి భాగంలో బర్మాతో రెండు బెజ్జాలు కూడా ఇప్పుడే వెయ్యండి. ఉక్కు గట్టిపడిన తరవాత బర్మా దిగదు.

కాల్చి ముంచటం

ఇది పెద్దవారి పని. సాయంత్రం నీడలో చేస్తే ఉక్కు రంగు బాగా తెలుస్తుంది. పక్కన ఒక బకెట్టునిండా ఇసుక ఉండాలి. నూనె అంటుకుంటే ఇసుక పొయ్యాలి, నీళ్ళు పొయ్యకూడదు.

అలుగు ఎరుపెక్కగానే సూదంటురాయికి తాకించి చూస్తారు. మొదట అంటుకుంటుంది. ఇంకా కాలిస్తే, సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, సూదంటురాయి దాన్ని పట్టించుకోవటం మానేస్తుంది! అప్పుడు మరికాస్త కాల్చి, గోరువెచ్చని వేరుశనగ నూనెలో నిటారుగా ముంచాలి.

చల్లారిన తరవాత ఆకురాయితో గీసి చూడండి. జర్రున జారిపోతే చాకు గట్టిపడినట్లే. నేను ఇక్కడితో ఆగిపోయాను. మీరు ఆగవద్దు. ఇప్పుడది గాజువంటిది.

ఎందుకంటారా? ఎర్రగా కాలిన ఉక్కులో కర్బనం అణువులు ఇనుము అణువుల నడుమ స్వేచ్ఛగా తిరుగుతుంటాయి, బడి ఆవరణలో ఆడుకునే పిల్లల్లాగా. మెల్లగా చల్లారితే, గంట కొట్టగానే మీరు వరుసల్లోకి పోయినట్లు, ఎవరి చోటికి వారు పోతారు. ఉక్కు మెత్తగా ఉంటుంది. ఒక్కసారిగా ముంచితే, హఠాత్తుగా వాన వచ్చి అందరూ ఇరుకు వసారాలో కుక్కుకున్నట్లవుతుంది. ఎవరికీ కదలటానికి చోటుండదు. అందుకే గట్టిదనం. ఎవరు నెట్టినా గొడవే. అందుకే పెళుసుదనం.

మరిచిపోయిన పని

ఇరుక్కున్నవారిలో కొందరిని మెల్లగా బయటికి వదలాలి. అందుకు చాకును మళ్ళీ కొద్దిగా వేడిచెయ్యాలి. అలుగును గరుకు కాగితంతో తళతళలాడేటట్లు రుద్ది, ఇనుప మూకుట్లో ఇసుక పోసి, దానిమీద పెట్టి, సన్నని సెగమీద ఉంచమనండి. మీరు రంగు చూస్తూ ఉండండి.

కాసేపటికి మెరిసే ఉక్కుమీద లేత ఎండుగడ్డి రంగు వస్తుంది. తరవాత గోధుమరంగు, తరవాత ఊదా, చివరకు నీలం. ఇవి పూసిన రంగులు కావు. వేడికి ఉక్కుమీద ఏర్పడే బహు పలచని తుప్పుపొర మందాన్నిబట్టి, సబ్బుబుడగలో కనిపించినట్లు, ఈ రంగులు కనిపిస్తాయి. ఎండుగడ్డి రంగు వస్తే వేడి 220 డిగ్రీల ప్రాంతంలో ఉన్నట్లు. చాకుకు అదే సరి. అప్పుడు వెంటనే దించాలి. నీలందాకా పోతే అంచు మెత్తబడి పదును నిలవదు.

పిడి, పదును

తుమ్మకర్రవి రెండు పలకలు అటూ ఇటూ పెట్టి, జిగురు పూసి, బెజ్జాలలో ఇత్తడి మేకులు దిగగొట్టి, చేతికి ఇంపుగా ఉండేటట్లు గరుకు కాగితంతో నున్నచెయ్యండి. ఈ పనంతా అయ్యేదాకా అలుగుకు గుడ్డ చుట్టి ఉంచండి.

ఆఖరుకు సానరాయి. చాకును రాయిమీద ఎంత వాలులో పట్టుకోవాలి? లంబకోణాన్ని సగం చేసి, మళ్ళీ సగం చెయ్యండి. దానికన్నా కొంచెం తక్కువ. మొదటినుంచి చివరిదాకా ఆ వాలు మారకూడదు. అటుపదిసార్లు, ఇటుపదిసార్లు రుద్దుతూ పోవాలి. మాగిన టమాటామీద పెట్టి, నొక్కకుండా లాగితే తొక్క తెగాలి. వేలుమీద మాత్రం ఎన్నడూ పరీక్షించకండి.

పుల్లమామిడికాయ కోస్తే ఈ చాకు నల్లబడుతుంది. భయపడకండి. వెంటనే కడిగి, తుడిచి, చుక్క నూనె రాయండి.

ఇంకొక మాట. ఒకప్పుడు ఈ విద్యలో మన ఊళ్ళది లోకమంతా మెచ్చిన చెయ్యి. తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కుకోసం పారశీక వర్తకులు అంతదూరంనుంచి వచ్చేవారు. ఇటువంటి మన ఉక్కును ఇంగ్లీషువారు "ఊట్జ్" అనేవారు. ఆ రహస్యం తెలుసుకోవాలని 1819లో దాన్ని పరీక్షించిన శాస్త్రజ్ఞుడు ఎవరో తెలుసునా? మైకేల్ ఫారడే! తరవాతి కాలంలో విద్యుచ్ఛక్తి విషయంలో గొప్ప సంగతులు కనిపెట్టిన ఆ ఫారడే ఒక కమ్మరి కొడుకు.

నా రెండవ చాకు చాలాకాలం మా వంటింట్లో ఉన్నది. మీ చాకు కూడా వంటింట్లోనే ఉండాలి. జేబులోనూ, బడిసంచిలోనూ కాదు. చేసిన రోజున అమ్మకు ఇచ్చి, మొదటి కాయ ఆమెచేతనే కోయించండి. ఒకవేళ అది కూడా నా మొదటి చాకులాగా విరిగితే, ముక్కలు పారెయ్యకండి. విరిగిన చోటు చూడండి. ఎక్కడ తొందరపడ్డారో అది చెబుతుంది.