ఫోన్ మోగితే సరిపోద్దా?

అమెరికాలో టోర్నడోలు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా వస్తాయి. చలికాలంలో ఇల్లినాయిస్ వైపు వాటికి కావలసిన వెచ్చని తేమ గాలి సాధారణంగా అందదు. 2021 డిసెంబర్ 10న మాత్రం దక్షిణం నుంచి ఆ గాలి వచ్చింది. రాత్రికి ఎడ్వర్డ్స్‌విల్‌లో అమెజాన్ గోదాం మీద టోర్నడో పడింది. 40 అడుగుల ఎత్తు కాంక్రీటు గోడలు కూలి 6 మంది పోయారు.

హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది. నిమిషాల ముందే ఫోన్లకు అందింది. కానీ పోవడానికి చోటేది? బాత్‌రూముల్లో దాక్కున్నారు. ఒకవైపు వాళ్లు బతికారు, దక్షిణం వైపు వాళ్ల మీద గోడ పడింది. గోదాంలో తుఫానుకు తట్టుకునే గది కట్టి తీరాలని అప్పట్లో అక్కడ రూల్ లేదట! కార్మిక భద్రతా శాఖ విచారించి, జరిమానా లేకుండా సూచనల లేఖ రాసి ఊరుకుంది. పోయిన ప్రాణాలకు లేఖా సమాధానం?

కాలం కాని కాలంలో వచ్చిందని గాలిని తిట్టి లాభం లేదు. అంత పెద్ద గోదాం కట్టినోళ్లకి ఒక గట్టి గది భారమా?

మన దగ్గరా అంతే. పిడుగులకు ‘దామిని’ యాప్ ఉంది. అది మోగితే చేను మధ్యలో ఉన్న కూలీ ఎక్కడికి పోవాలి? కనపడేది చెట్టు, దాని కిందకే పోకూడదు. పొలాల దారిలో పిడుగు రాడ్డు పెట్టిన పక్కా గది ఒక్కటన్నా కట్టమని ఈసారి గ్రామసభలో అడుగుదాం. మీ ఊళ్లో అట్లాంటిది ఉంటే కామెంట్లో చెప్పండి.